ఉత్తరం మేకు దగ్గర దీపం

గుట్ట మీద రాజుగారికి సమాధి కడుతున్నారు కదా, దాని ఉత్తరం కొస వైపు చీకటి పడ్డాక కుక్క కూడా పోదు. అక్కడ ఓ దీపం తనంతట తానే నడుస్తుందట... రాళ్ళు లాగేవాళ్ళు ఒట్టేసి చెబుతారు.

ఆ దీపం ఇటీదేనని అందరి నమ్మకం. చుక్కలు చూసి గోడలకి ఉత్తరం గీత పెట్టేవాడు ఇటీ. కిందటేడు తూర్పు గోడ గీత ఒక్క వేలు తప్పిందని పెద్ద దొర సెషెము వాడి కళ్ళలో కాల్చిన రాగి సూది పొడిపించాడు. ఇటీ ఆ కొసనే కూలబడి, నీళ్ళు ముట్టకుండా చచ్చిపోయాడు. అక్కడే, పడమటి పక్కన, ఇసుకలో పూడ్చేశారు.

గీత తప్పలేదు పాపం. వాడి పని మీద కన్నేసిన హెనూ రాత్రికి రాత్రి గీత కొసన పాతిన మేకు జరిపాడు. ఆ సంగతి హెనూకొక్కడికే తెలుసు... ఇటీకీ తెలుసేమో!

తూర్పు గీత సరిచేసి ఆ పని దక్కించుకున్నాడు హెనూ; ఇప్పుడు పడమటి గోడ గీత అతని వంతు.

"రెండు గీతల మధ్య ఎడం ఈ కొసా ఆ కొసా ఒక్కలా రావాలి," అన్నాడు సెషెము. "తేడా వచ్చిందా, సూది అరిగిపోలేదు."

ఆ రాత్రి సాయానికొచ్చిన బెబిని దీపమిచ్చి ఉత్తరం కొసకి పంపాడు హెనూ. తను దక్షిణం కొసన గుండు కట్టిన దారం వేలాడదీసి కూర్చున్నాడు. ఉత్తరాన తిరిగే చుక్కల్లో రెండు, ఒకదాని కింద ఒకటి, ఆ దారం మీదికి వచ్చేది ఒక్క క్షణమే. అప్పుడు దీపం కూడా దారం కిందే ఉండాలి. అది ఉన్నచోట మేకు.

చుక్కలు కలిశాయి. దీపం మాత్రం వెంట్రుకవాసి కుడికుంది.

"ఎడమకి జరుగు బెబీ..."

దీపం కదల్లేదు. పలుకూ లేదు.

 మళ్ళీ పిలిస్తే... ఎవరు పలుకుతారో? పిలవలేదు. చుక్కలు జారిపోయాయి.

హెనూ అక్కడికి నడిచాడు. దీపం నేల మీదుంది. పక్కన ఓ రొట్టె — ఇంకా వెచ్చగానే ఉంది. మనిషి లేడు. వెంట్రుకవాసేగా అనుకుని, దీపం ఉన్నచోటే మేకు దిగ్గొట్టి పరిగెత్తాడు.

పొద్దున్న తాడు పట్టి కొలిస్తే ఉత్తరం కొసన నాలుగు వేళ్ళు తక్కువ. దీపం లేదు, రొట్టె ఉంది.

"నేను సగం దారిలోనే పారిపోయా దొరా," అన్నాడు బెబి. "దీపం వెలిగించనే లేదు."

"దెయ్యానికి గురిపెట్టావన్నమాట," నవ్వాడు సెషెము.

హెనూ రొట్టె పట్టుకుని వంటసాల దగ్గరికి పరిగెత్తాడు. ఇటీ పెళ్ళాం నుబెత్ అక్కడే రొట్టెలు కాలుస్తుంది. వెనకే సెషెము, భటులూ వచ్చారు.

"వదినా, అన్నని పూడ్చినచోట రొట్టె పెట్టడానికి వచ్చింది నువ్వేగా? నన్ను చూసి దాక్కున్నావు. నా కళ్ళు పోతాయమ్మా, చెప్పు."

నుబెత్ అతని కళ్ళలోకి కాసేపు చూసింది.

"నేనా? ఆ చీకట్లో, ఒంటరిగానా? అక్కడ దెయ్యం ఉందంటారు కదయ్యా."

సెషెము భటుడి చేతిలో సూది తీసుకుని ఆవిడకిచ్చాడు. "నీ పొయ్యిలో పెట్టు."

నుబెత్ సూది నిప్పుల్లో గుచ్చి, ఇంకో రెండు పుల్లలు ఎగదోసింది.