అవ్వంటే ఎవరు?

యాడ్ పెట్టి గంట కూడా కాలేదు. మమత ఫోన్ చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది.

"మా అవ్వకు నలభై ఆరేండ్లే. గీ ముసలామె ఎవరు?"

"ఈమె అవ్వ గాదు, అవ్వకు అవ్వ!"

"ఫోన్ కలిసేసరికి మా అవ్వ ముసల్దైందా? గంత స్లోనా మీ నెట్‌వర్క్?"

మూడో కామెంట్ కింద వెయ్యి మంది నవ్వారు.

దోహాలో, అల్ సద్‌లోని ఆ యాడ్ ఏజెన్సీలో తెలుగు ప్రకటనలు రాసేది ఆమె ఒక్కతే. ఒక ఫోన్ కంపెనీ వాళ్ళు ఖతర్‌లో ఉన్న తెలంగాణ పనివాళ్ళ కోసం వీడియో కాల్ ప్యాక్ ఒకటి తెచ్చారు. దానికి మమత చేసిన యాడ్‌లో ఒక కుర్రవాడు ఫోన్ తీసి, "అవ్వా, బువ్వ తిన్నవా?" అంటాడు. తెరమీద అవ్వ నవ్వుతుంది. ఆ అవ్వను మమత కంప్యూటర్‌తో బొమ్మ గీయించింది. ముగ్గుబుట్ట తల, చేతికర్ర, నోట్లో ఒక్క పన్ను. ఎంత ముద్దుగా వచ్చిందో అని నిన్నంతా మురిసిపోయింది.

కోనసీమలో పుట్టిన మమతకు అవ్వంటే ముసలమ్మే.

"మమతా!" మేనేజర్ జహనారా తలుపు తోసుకుని వచ్చింది. "యే క్యా హై? అవ్వంటే అమ్మంట! నాకెందుకు చెప్పలె?"

"నాకూ తెలీదు మేడం! మీది హైదరాబాదే కదా, మీరు కూడా చూసి ఓకే అన్నారు."

"మా ఇంట్ల అమ్మీ అంటం, దాదీ అంటం. అవ్వంటే మీ తెలుగోళ్ళ దాదీ అనుకున్న!" జహనారా నుదురు పట్టుకుంది. "ఫోన్ కంపెనీ ఇక్రాముద్దీన్ సార్ నాలుగింటికి వస్తున్నడు. కాంట్రాక్ట్ పోతే తెలుగు డెస్క్ మూసేస్తరు. తర్వాత నీ వీసా నా చేతుల ఉండదు."

నాలుగింటికి. ఇంకా ఆరు గంటలు. మమత ఏజెన్సీ గొడవ ఏజెన్సీకే వదిలేసి, ముందు ఒక మనిషి మీద పడాలనుకుంది. అవ్వ అన్న మాట నేర్పింది అతనే. యాడ్‌లో గొంతు కూడా అతనిదే.

జలంధర్ ఆ బిల్డింగ్‌లో ఏసీ టెక్నీషియన్. మెట్‌పల్లి వాడు. రెండు నెలల కిందట మమత ల్యాప్‌టాప్ మీద ఏసీ నుంచి నీళ్ళు కారుతుంటే వచ్చాడు. వాన పడని ఊళ్ళో సరిగ్గా ఆమె నెత్తిమీదే వాన. ఆమె గొడుగేసుకుని టైపు చేయడం చూసి అతను నిచ్చెన మీంచి జారబోయాడు.

తర్వాత వారం మళ్ళీ కారింది. ఆ పై వారం మళ్ళీ. అలా ఇంకో ఆరుసార్లు. రికార్డింగ్ చేసేటప్పుడు చప్పుడు రాకుండా ఏసీ ఆపాలి కాబట్టి దానికీ అతనే వచ్చేవాడు. అలా ఒకసారి ఆమె మైకు ముందు, "అమ్మా, భోజనం చేశారా?" అని చదువుతుంటే పకపకా నవ్వాడు.

"ఏంటండీ నవ్వు?"

"ఇంటోళ్ళను గట్ల అడుగుతరా మేడం? పెండ్లికి పిలవవోయినట్టున్నది."

"మరి మీరెలా అడుగుతారు?"

నవ్వాపి, చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పుతూ, గొంతు తగ్గించి అన్నాడు. "అవ్వా, బువ్వ తిన్నవా?"

అంతే. మమత ఆ మాటకు పడిపోయింది. మాటకే పడ్డానని తనకు తాను రోజూ చెప్పుకుంటోంది.

ఇప్పుడు ఆమె పిలవగానే అతను పరుగున వచ్చాడు, ఏసీ బాగుచేసే సంచీతో సహా.

"ఏసీ కోసం కాదు!" మమత ఫోన్ అతని ముందు పెట్టింది. "అవ్వంటే అమ్మని ఎందుకు చెప్పలేదు?"

బొమ్మ చూసి జలంధర్ నోరు తెరిచాడు. "గీమె ఎవరు?"

"మీ అవ్వ!"

"మా అవ్వకు గీ బొమ్మ చూపిస్తే నాకు ఇంట్ల బువ్వ పుట్టది." ఆమె ముఖం చూసి నవ్వు మింగాడు. "మీరు అడగలె మేడం. అవ్వంటే అవ్వే. దానికి ఇంకో అర్థం ఉంటదని నాకేం ఎరుక?"

మమత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను ఇంటికి పంపించేస్తారు జలంధర్ గారూ."

అతని చేతిలోంచి సంచీ జారింది. పాన ఒకటి గలగలమంటూ బల్లకిందికి పోయింది. దాన్ని తీయాలని కూడా అతనికి తోచలేదు.

"గట్లెట్ల పంపుతరు?" అన్నాడు. "బొమ్మ తప్పయితే బొమ్మ మార్చున్రి. అసలు అవ్వను నేను చూపిస్త. ఫోన్ చేస్తే ఎత్తుతది."

మమత చప్పున తలెత్తింది. ఆమెకు ఏదైనా తోస్తే ముక్కు కొస మీద గీరుకుంటుంది. ఇప్పుడు గీరుకుంది.

"యాడ్ తీసేయొద్దు," అంది. "తప్పు ఒప్పుకుందాం. ముందు ఈ ముసలమ్మ వస్తుంది. వెంటనే 'తప్పయింది అవ్వా' అంటాం. అప్పుడు నిజమైన అవ్వ వస్తుంది. తర్వాత 'మీ అవ్వ ఎట్లుంటది? పంపండి' అని అందర్నీ అడుగుతాం. ఎవరి అవ్వను వాళ్ళే పంపుతారు! బొమ్మలొద్దు, నటులొద్దు."

"మస్తుంది," అన్నాడు జలంధర్. అతను ఆమె ముక్కు వైపు చూస్తున్నాడని మమత గమనించి, గీరుకోవడం మానేసింది.

నాలుగింటికి ఇక్రాముద్దీన్ సార్ వచ్చి కూర్చున్నాడు. లక్నో మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. ముఖంలో నవ్వు కూడా లేదు.

"యల్లా, కానివ్వండి, చూపించండి," అన్నాడు హిందీలో.

జలంధర్ ఏసీ ఆపాడు. గది ఉడుకుతోంది. రికార్డింగ్ మొదలై కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. గోడమీది పెద్ద తెరకు ఫోన్ కలిపి, అతను మెట్‌పల్లికి వీడియో కాల్ చేశాడు.

జలంధర్ అవ్వ ఎల్లవ్వ తెరమీదికి వచ్చింది. నల్లటి జుట్టు, మెరిసే ముక్కుపుడక, ఒళ్ళో చాట, చాటలో తునికాకు. చేతులు తమ పాటికి తాము బీడీలు చుడుతున్నాయి. ముసలితనం ఛాయ కూడా లేదు.

"అవ్వా, బువ్వ తిన్నవా?"

"ఇంకా పొద్దే గూకలె, గప్పుడే బువ్వేంది కొడుకా? నువ్వు తిన్నవా?"

ఇక్రాముద్దీన్ సార్ ముందుకు వంగాడు. జహనారా ఊపిరి పీల్చుకుంది. బాగుంది, చాలా బాగుంది అనుకుంది మమత.

"అవ్ గని," ఎల్లవ్వ గొంతు తగ్గించింది. పెద్ద తెర కాబట్టి అది గదంతా వినబడింది. "గా పిల్ల ఏదిరా? గొడుగేసుకున్న పిల్ల?"

జలంధర్ ముఖం పాలిపోయింది. "అవ్వా, తర్వాత మాట్లాడుత..."

"ఏం తర్వాత? నీళ్ళు కారేటట్టు పైపు ఎన్నిసార్లు ఊడవీకుతవురా? బాగున్న ఏసీని ఖరాబు చేసి మళ్ళ నువ్వే బాగుచేసుడేంది? దొరికితే కొలువు ఊడుతది! గా పిల్లకు మనసుల మాట చెప్పరాదు?"

మమత చేతిలోంచి స్క్రిప్ట్ కాగితాలు ఒక్కొక్కటే నేలమీదికి జారాయి.

"క్యా బోల్ రహీ హైఁ?" అడిగాడు ఇక్రాముద్దీన్ సార్.

జహనారా చెప్పింది. పైపు సంగతితో సహా, గొడుగుతో సహా, ఒక్క ముక్క వదలకుండా హిందీలో చెప్పింది. చెబుతూ చెబుతూ తనే నోరు తెరిచింది. "అరే! ఆరుసార్లు నువ్వేనా?"

జలంధర్ తల వంచుకున్నాడు. "నాలుగుసార్లు నేనే మేడం. అబద్ధం చెప్ప. గని..." మెల్లగా తలెత్తాడు. "పోయిన నెల రెండుసార్లు నేను గాదు. అది ఎట్ల కారిందో నాకు ఇప్పటికీ సమజ్ గాలె."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. మమత మాత్రం పైకప్పు వైపు చూస్తోంది. చెవుల దాకా ఎర్రబడింది.

"మమతా?" అంది జహనారా.

"కుర్చీ ఎక్కాను మేడం," అంది మమత. "పైపు తేలిగ్గానే ఊడొచ్చింది."

జలంధర్ పైకప్పు వైపు, కుర్చీ వైపు మార్చి మార్చి చూశాడు. "కింద పడితేనో?" అన్నాడు. "ఎవలన్న చెప్తరా కుర్చీ ఎక్కుమని? కాలు విరిగితే?"

ఇదీ అర్థం చెప్పించుకున్నాక ఇక్రాముద్దీన్ సార్ కళ్ళద్దాలు తీసి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఎర్ర దీపం వైపు వేలు చూపించాడు. ఎల్లవ్వ గొడుగు పిల్లను అడిగిన చోటిదాకా ఒక్క ముక్క కోయకుండా యాడ్‌గా వేయమన్నాడు. ఆ తర్వాతి పైపు సంగతి మాత్రం బిల్డింగ్ వాళ్ళ కంటపడకుండా తీసేయమన్నాడు. తెలుగు డెస్క్ ఉంటుంది, ఈ అమ్మాయే రాయాలి అని కూడా అన్నాడు.

తెరమీద ఎల్లవ్వకు ఓపిక అయిపోయింది. "ఏందిరా అందరు గమ్మునున్నరు? పిల్ల ఏమన్నది?"

మమత ఫోన్ దగ్గరికి నడిచింది. పొద్దున్నుంచి ఆ ఒక్క మాట ఆమెను చంపుకు తింది. ఇప్పుడు దాని అర్థం తెలుసు కదా అని ధైర్యంగా, జలంధర్ అన్నట్టే అంది.

"అవ్వా, బువ్వ తిన్నవా?"

బీడీ చుట్టే చేతులు ఆగిపోయాయి. ఎల్లవ్వ ఆమెను తలనుంచి చేతిగాజుల దాకా తీరిగ్గా చూసింది.

"తప్పు బిడ్డా," అంది.

మమత ఫోన్ మీదికి వంగింది. మళ్ళీ తప్పా?

"వాడు అవ్వా అనాలె. నువ్వు అత్తా అనాలె." ఎల్లవ్వ ముక్కుపుడక మెరిసింది. "మీ అమ్మ నంబరు పంపు. నేను మాట్లాడుత."

మమత చెంప మీద ఒక చుక్క పడింది. జలంధర్ అలవాటుకొద్దీ తలెత్తి ఏసీ వైపు చూశాడు.

ఏసీ ఆపే ఉంది.