కొట్టేసిన రీడింగ్

మంగళవారం ఉదయం 11:50. జహనుమా బస్తీలో ఒక ఇత్తడి పాలిష్ షెడ్డు.

ఆసిడ్ తొట్టి పక్కన ఇస్సాకు శవం. సామాన్లు కడిగే కూలీ. తొట్టిలోకి తలకిందులుగా జారిపడ్డాడు. ముఖం, ఛాతీ కాలిపోయాయి.

ఎస్సై పద్మజ తొట్టిలోకి చూసింది.

ఖాళీ!

"ఎవరు పారబోసిండ్రు?"

"నేనే మేడమ్. ఇంకొకరు పడ్తరేమోనని," షెడ్డు ఓనర్ ఆనందరావు చెమట తుడుచుకున్నాడు. "మేం వాడేది మస్తు పల్చటిది. చెయ్యి పెట్టినా ఏం గాదు. ఇస్సాకే ఘాటుది తెచ్చి కలిపిండు. పని జల్ది అయితదని."

"అబద్ధం!" శవం దగ్గర కూర్చున్న భార్య చంద్రమ్మ అరిచింది.

వాచ్‌మన్ రిజిస్టర్‌లో ఇస్సాకు వచ్చిన టైం 11:00.

రోజూ ఆసిడ్ పరీక్షించేది నగేష్. అతని నోట్‌బుక్ తెరిచింది పద్మజ. ఆ రోజు 10:20 దగ్గర ఒక అంకె కొట్టేసి ఉంది. మైనస్ 0.7. పక్కన 1.0.

"ఇదెందుకు కొట్టేసినవ్?"

"మీటర్ ఖరాబైందనుకున్న మేడమ్. పీహెచ్ సున్న నుంచి పద్నాలుగే అని నేర్పిండ్రు. మైనస్ యాడికెల్లి వస్తది? రోజూ వచ్చేది రాసిన."

పద్మజ పోలీసుల్లో చేరకముందు లెక్కల ట్యూషన్లు చెప్పింది.

"మీటర్ మంచిగనే ఉంది. పీహెచ్ అంటే ఆసిడ్ గాఢతకు లాగరిథమ్, గుర్తు మార్చి రాస్తరు. లాగ్‌కు డొమైన్, అంటే లోపల పెట్టగలిగేవి, సున్న కన్నా పెద్ద సంఖ్యలే. కానీ దాని ఇన్వర్స్‌కు, అంటే వెనక్కి తిప్పేటప్పుడు, ఆ షరతు లేదు. పదికి ఘాతంగా ఏ సంఖ్యైనా పెట్టొచ్చు, ప్లస్సైనా మైనస్సైనా. 1.0ని గుర్తు మార్చి వెనక్కి తిప్పితే గాఢత 0.1. మైనస్ 0.7ని తిప్పితే అయిదు. యాభై రెట్లు!"



"పది ఇరవైకే తొట్టిలో ఘాటు ఆసిడ్ ఉంది. ఇస్సాకు అప్పటికి గేటు కూడా దాటలే. పోసిందెవరు, ఆనందరావు గారూ?"

ఆనందరావు తల దించుకున్నాడు. "అర్జంట్ ఆర్డర్ మేడమ్... పొద్దుగాల్నే పోసిన. చెప్తే ఎవ్వరూ దగ్గరికి రారని..."

కానిస్టేబుల్ అతన్ని జీపు ఎక్కించాడు.

నగేష్ గోడకానుకుని కూలబడ్డాడు. "నన్ను అడిగిండు మేడమ్. 'అన్నా, ఇయ్యాల మంచిగున్నదా?' అని. రోజటిదే, ఫికర్ చెయ్యకు అన్న."

చంద్రమ్మ నోట్‌బుక్ అందుకుంది. కొట్టేసిన అంకె మీద వేలు పెట్టి పద్మజ వైపు తిరిగింది.

"మైనస్ అంటే తక్కువనే గద బిడ్డా?"