చిక్కం అల్లిన చేతులు

ఎనభై మంది చూశారు. కెమెరా పట్టినవాడు చూశాడు, గొడుగు పట్టినవాడు చూశాడు, టీ కప్పులు మోసినవాడు చూశాడు. పట్టపగలు నడిచెరువులో మనిషి మునిగిపోతుంటే గట్టు మీద నిలబడి చూశారు. ఎనభై మందిలో ఒక్కడంటే ఒక్కడు స్టేషన్‌కు పోయి నోరు విప్పలేదు. తప్పంతా ఒక ముసలిదాని చేతుల మీదికి తోసి, మూడో రోజుకు మళ్ళీ ముఖాలకు రంగు పూసుకున్నారు. మీరు తీసేది ధర్మం నిలబెట్టిన రాజు కథ అంట. మీకు అన్నం ఎట్లా దిగిందయ్యా?

ఈ మాటలు శీనమ్మ అనలేదు. అనే స్థితిలో లేదు. ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఎరువుల అంగడి మీది గదిలో, కుర్చీ ఇస్తే కూర్చోకుండా, గోడకు ఆనుకొని రెండు చేతులూ కొంగులో దాచుకొని నిలబడింది. ఆ మాటలన్నీ నారాయణయ్య మనసులోవి. బయటికి మాత్రం రాలేదు. ఎదురుగా రామలక్ష్మమ్మ కూర్చొని ఉంది. ఆమె వింటున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదని ఆయనకు తెలుసు.

రామలక్ష్మమ్మ ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయింది. ఇప్పుడు సొంతంగా కేసులు పరిశోధిస్తోంది. నారాయణయ్యది మర్రిపాడులో గొర్లు కాసుకునే ఇల్లు. ఆరేళ్ల కిందట తన మంద దొంగల పాలైతే, లారీలో రాలిన పెంటికలు చూసి ఆచూకీ తీసింది ఆమే. ఆ గొర్లను తమ్ముడికి అప్పజెప్పి ఈమె దగ్గర చేరిపోయాడు. అక్కా అని పిలుస్తాడు. ఆమెకు తెలియనిది ఈ భూమ్మీద లేదని ఆయన నమ్మకం.

శీనమ్మ చెప్పిన సంగతి ఇది. ఉదయగిరి కొండ కింద టీవీ సీరియల్ తీస్తున్నారు. పదిహేను వందల ఏళ్ల కిందటి బ్రిటన్ దేశపు కథ. బండరాయిలో దిగిన కత్తిని పెరికి రాజైనవాడు, ఆఖరి యుద్ధంలో దెబ్బతిని, పడవలో పడుకొని పొగమంచులోకి వెళ్ళిపోతాడు. హీరోకు నీళ్ళంటే భయం. అందుకని అదే ఎత్తు, అదే వీపు ఉన్న పెంచలప్రసాద్‌ను పడవలో పడుకోబెట్టారు. పెంచలప్రసాద్ శీనమ్మ అక్క కొడుకు. సీతారామపురం పక్క పల్లెలో మేకలు కాసుకునేవాడు.

ఆ కాలపు రాజులు ఇనప రింగులు అల్లిన చొక్కాలు తొడిగేవారట. అసలైన ఇనప చొక్కా ఒకటి హీరోకని తెచ్చారు. పద్నాలుగు కేజీలు. తక్కిన సైన్యానికి దూరం నుంచి అట్లాగే కనపడే చొక్కాలు కావాలి. శీనమ్మ గోగునారతో దూడల మూతులకు చిక్కాలు అల్లుతుంది. అదే అల్లికతో ఇరవై చొక్కాలు అల్లించుకొని వెండి రంగు కొట్టుకున్నారు. పెంచలప్రసాద్‌కూ వాటిలోదే ఒకటి ఇచ్చారు.

సోమవారం మధ్యాహ్నం సీతారామపురం దారిలోని చెరువులో పడవ బోల్తా పడింది. చిన్నప్పటి నుంచి ఆ చెరువు ఈదినవాడు మళ్ళీ పైకి రాలేదు. నైలాన్ వాడమంటే శీనమ్మ నారతో అల్లిందని, అది నీళ్ళు తాగి బరువెక్కి మనిషిని ముంచిందని కంపెనీవాళ్ళు కాయితం రాసిచ్చారు. శుక్రవారం పొద్దున స్టేషన్‌కు రమ్మని ఎస్సై కబురు పంపాడు. అప్పటికి ఒక్క రోజే మిగిలింది.

"జైలు గురించి రాలేదమ్మా," అంది శీనమ్మ. "నా బిడ్డను నేనే చంపినానా? అది ఒక్కటి తేల్చు. మా అక్క నా చేతి నీళ్ళు తాగడం లే. నాలుగు దినాలాయ."

రామలక్ష్మమ్మ అడిగింది. "శవానికి నీళ్ళు ఎవరు పోసినారు?"

"నేనే. అక్క వల్ల కాలే."

"ఒంటి మీద ఏమన్నా చూసినావా?"

"భుజాల మీద, మెడ కింద గుండ్రం గుండ్రంగా ముద్రలు ఉండాయమ్మా. సెనగ గింజంతవి. చేపలు కొరికినాయేమో అనుకున్నా."

రామలక్ష్మమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

స్టేషన్‌లో ఎస్సై శ్రీమన్నారాయణ చెడ్డవాడేమీ కాదు. తీరిక లేనివాడు. కంపెనీవాళ్ళు రాసిచ్చిన కాయితాన్ని వాళ్ళు చెప్పినట్టే నమ్మాడు. పాత ఉద్యోగి అని రామలక్ష్మమ్మకు కుర్చీ వేయించి, శవం మీది నుంచి తీశామని వాళ్ళు ఇచ్చిన నార చొక్కా తెప్పించి బల్ల మీద పెట్టించాడు. మనిషి మునిగిన రెండు గంటలకు తను చెరువు దగ్గరికి చేరానని, అప్పటికి కూడా చొక్కా మీద నీళ్ళు బొట్లు బొట్లుగా మెరుస్తున్నాయని చెప్పాడు. డైరెక్టర్ ఉదయ్ కుమార్ తన చేతులతోనే దాన్ని అప్పగించాడట.

చొక్కా అంచు వెంట చీమల బారు ఎక్కుతోంది. ఎస్సై విసుగ్గా దులిపాడు. "ఈ గదిలో చీమల బాధ పడలేకపోతున్నాం."

పక్కన ఫైళ్ళు ఉన్నాయి, టీ గ్లాసు ఉంది. చీమలు వాటి జోలికి పోలేదు. రామలక్ష్మమ్మ చొక్కాను వేలితో తాకి, వేలు కొంగుకు తుడుచుకుంది. నారాయణయ్య దాన్ని బోర్లా తిప్పాడు. వీపు మీద బిగించుకునే తాడు ఉంది, అదీ నారే. చేతులు ఊరుకోక ఆ తాడును కొసదాకా తడిమాడు. ముడి విప్పి ఉంది, ఎక్కడా కోసిన గుర్తు లేదు. ఆయన ముఖం మారింది. రామలక్ష్మమ్మ కళ్ళతోనే ఆగమంది.

కొండ కింద షూటింగ్ జరుగుతూనే ఉంది. అట్టముక్కల కోట బురుజులు, వాటి వెనక అసలైన ఉదయగిరి కోట. ప్రొడక్షన్ మేనేజరు సురేంద్రబాబు ఎదురొచ్చి మొదటి మాటతోనే కసిరాడు. ముసలమ్మ మీద కాయితం రాసింది తనేనని, ఇంకో వంద మందికైనా అదే చెబుతానని అరిచాడు.

"మీరు చూసినారా, పడవ మునగడం?"

"నేనా రోజు నెల్లూరులో ఉన్నా. పర్మిషన్ల పని. డైరెక్టర్ సార్ చెప్పిందే రాసిచ్చినా."

"శీనమ్మకు నైలాన్ అని చెప్పింది ఎవరు?"

సురేంద్రబాబు తడబడ్డాడు. తను తాడు అని మాత్రమే చెప్పాడట. నైలాన్ అనే మాట సార్ చెప్పగా కాయితంలో చేరిందట.

ఉదయ్ కుమార్ మెత్తటి మనిషి. వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, కళ్ళు తుడుచుకున్నాడు. పెంచలప్రసాద్‌ను మట్టి చేసిన చోటికి పోయి శీనమ్మ కాళ్ళకు దండం పెట్టింది కూడా ఇతనే. "ఒడ్డుకు తెచ్చాక నేనే, ఈ చేతులతో, వీపు మీద ముడి విప్పి చొక్కా తీసి గుండె మీద నొక్కానమ్మా. లాభం లేకపోయింది. ఆ తల్లి తెలియక చేసింది. శిక్ష పడకుండా చూడమని నేనే ఎస్సై గారితో చెబుతాను."

నారాయణయ్యకు ఆ మనిషి మీద జాలి కలిగింది. తర్వాత ఎన్నాళ్ళో ఆ జాలిని తలుచుకొని తనను తనే తిట్టుకున్నాడు.

ఏంజెలిన్ అనే అమ్మాయి నడుముకు స్ప్రే సీసా కట్టుకొని తిరుగుతోంది. భోజనానికి ముందు తీసిన షాటూ తర్వాత తీసిన షాటూ ఒకేలా కనపడాలి. ఆమె పని అదే. అందుకే ప్రతిదీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటుంది. మాట్లాడుతూనే ఒక సైనికుడి నుదుటి మీద చెమట బొట్లు చిమ్మింది. ఉత్త నీళ్ళయితే ఎండకు ఆరిపోతాయని, గ్లిజరిన్ కలిపితే గంటల తరబడి నిలుస్తాయని రామలక్ష్మమ్మ అడిగితే చెప్పింది. సోమవారం ఫొటోలు చూపించమంటే బెదురుతూనే చూపించింది. పొద్దున పడవలో పెంచలప్రసాద్, మధ్యాహ్నం పడవలో పెంచలప్రసాద్. అదే పడవ, అదే గడ్డం, అదే వెండి చొక్కా. రామలక్ష్మమ్మ రెండు ఫొటోలనూ చాలాసేపు చూసింది. మనిషిని చూడలేదు. పడవ అంచును చూసింది.

తిరిగి వస్తుంటే నారాయణయ్య ఉండబట్టలేకపోయాడు. "అక్కా, ఆ ముడి..."

"చూసినా. రేపు ఒక బక్కెట్ పట్టుకురా. అదే చెరువు నీళ్ళతో."

శుక్రవారం తొమ్మిదింటికి కొండ కింద పెద్ద టెంటులో అందరినీ కూర్చోబెట్టారు. ఎస్సైని బతిమాలి శీనమ్మతో పాటు అక్కడికే రప్పించింది రామలక్ష్మమ్మ. బల్ల మీద బక్కెట్ ఉంది. శీనమ్మ అల్లిన ఇంకో చొక్కాకు వీపు మీద తాడు ముడేసి, అందరూ చూస్తుండగా నారాయణయ్య దాన్ని నీళ్ళలో ముంచాడు. గంటసేపు నానింది. షూటింగ్ ఆలస్యమవుతోందని సురేంద్రబాబు రెండుసార్లు గొణిగాడు. ఉదయ్ కుమార్ మాత్రం శాంతంగా కూర్చున్నాడు.

రామలక్ష్మమ్మ చొక్కాను తీయించి అతని ముందు పెట్టించింది. నీళ్ళు ధారగా కారుతున్నాయి. "డైరెక్టర్ గారూ, సోమవారం విప్పినట్టే ఈ ముడి విప్పండి."

అతను నవ్వి చేయి వేశాడు. నవ్వు తగ్గింది. రెండో చేయి వేశాడు. గోరు విరిగింది. ముడి రాయిలా ఉంది.

"రాదు సార్," అన్నాడు నారాయణయ్య. "గొడ్డును కట్టేసేవాడెవడైనా చెబుతాడు. నార తాడు నానిందంటే ముడి బిగిసిపోతాది, కత్తి పెట్టి కోయాల్సిందే. స్టేషన్‌లో ఉండే చొక్కా తాడు ముడి విప్పి ఉండాది. కోసిన గుర్తు కూడా లేదు."

"అంటే ఆ చొక్కా చెరువులో దిగనే లేదు," అంది రామలక్ష్మమ్మ. "దిగి ఉంటే నీళ్ళను పీల్చుకొని ఇట్లా కారేది. రెండు గంటల ఎండలో బొట్లు బొట్లుగా మెరవదు. మెరిసేది గ్లిజరిన్. దానికి తీపి ఉంటుంది. ఎస్సై గారూ, చీమలకు మీ టీ గ్లాసు కంటే ఆ చొక్కా రుచిగా తోచింది అందుకే. పల్లెటూరివాడు చొక్కా తడపాలంటే చెరువులో ముంచుతాడు. చెరువు పక్కనే ఉన్నా సీసా తీసి చిమ్మేది సినిమావాళ్ళొక్కరే. వాళ్ళకు తడవడం అక్కర్లేదు, తడిసినట్టు కనపడితే చాలు."

ఏంజెలిన్ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"మరి పెంచలప్రసాద్ ఒంటి మీద ఏముంది? పొద్దున ఫొటోలో పడవ అంచు నీళ్ళకు నాలుగు వేళ్ళ పైన ఉంది. మధ్యాహ్నం మూడు వేళ్ళే. మనిషి అతనే, పడవ అదే. మధ్యలో బరువు ఎక్కడి నుంచి వచ్చింది? శవానికి నీళ్ళు పోసినప్పుడు అతని భుజాల మీద గుండ్రటి ముద్రలు శీనమ్మ చూసింది. నార అల్లిక అట్లాంటి ముద్ర వేయదు. ఇనప రింగు వేస్తుంది. హీరో చొక్కా పెట్టె తెరవండి."

పెట్టెకు రెండు తాళంచెవులున్నాయని, ఒకటి తన దగ్గర, ఇంకొకటి సార్ దగ్గర ఉంటుందని సురేంద్రబాబు అన్నాడు. ఆ మాట అంటూనే తల తిప్పి సార్ వైపు చూశాడు. పెట్టె తెరిచి చొక్కా దులిపాడు. కింద పరిచిన గుడ్డ మీద ఎర్రటి ఒండ్రు రాలింది. నూనె రాసి దాచే ఇనుము రింగు రింగుకూ తుప్పు పట్టి ఉంది.

"పొద్దున షాట్‌లో నార చొక్కా ఉబ్బెత్తుగా కనపడిందన్నారు సార్," అంది ఏంజెలిన్, ఎవరూ అడగకుండానే. "రాజు బరువు తెలియాలి, పడవ కుంగాలి అని ఇనప చొక్కా తొడిగించారు. ఇనప చొక్కా నేల మీదే వాడాలని ఫైట్ మాస్టర్ చెప్పి ఉన్నాడు. పెంచలప్రసాద్ కూడా అడిగాడు, బరువుగా ఉండాదే సార్ అని. పడుకోవడమే కదా అన్నారు. మనిషి పోయాక నాతో ఆ నార చొక్కా తడపమన్నారు. తడిపాను."

ఉదయ్ కుమార్ కళ్ళు మళ్ళీ చెమర్చాయి. ఈసారి ఎవరికీ జాలి కలగలేదు. "ఒక్క షాట్," అన్నాడు. "ఒక్క షాట్ కోసం. మునుగుతుందని ఎవరికి తెలుసు?"

"మునుగుతుందని తెలియకపోవచ్చు. మునిగాక ఏం చేయాలో బాగా తెలిసింది," అంది రామలక్ష్మమ్మ. ఆమె గొంతు పెరగలేదు. "ఒడ్డుకు లాగింది నలుగురు, వాళ్ళు ఇనుము చూశారు, నోరు మూసుకున్నారు. తక్కిన డెబ్భై ఆరు మంది అడగలేదు. ఎస్సై గారూ, ఆ కాయితంలో శీనమ్మ పేరు కొట్టెయ్యండి. ఆ పేరున్న చోట ఇతని పేరు రాయండి. సాయంత్రం కాదు, రేపు కాదు. ఇక్కడే రాయండి."

శ్రీమన్నారాయణ పెన్ను తీశాడు.

అంతటితో అయిపోయిందనుకున్నారు. జనం లేవబోయారు. అప్పుడు శీనమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. నాలుగు రోజులుగా కొంగులో దాచుకున్న చేతులు బయటికి తీసి, తడిసిన చొక్కాను ఎత్తి పిండింది. నీళ్ళు నేల మీద పడ్డాయి. దాన్ని భుజాన వేసుకొని ఎనభై మందినీ ఒక చివర నుంచి ఇంకో చివరదాకా చూసింది.

"కాయితంలో పేరు మార్చినా మా అక్కకు చదవను రాదు," అంది. "ఆ పొద్దు అందరూ చూసినారు గదా. అందరూ రావాల. మా అక్క వాకిట్లో నిలబడి, ఒక్కొక్కరూ నోరు తెరిచి చెప్పాల, ఈ చేతులు చంపలేదని. నేను నీళ్ళు ముంచిస్తా. ఆమె తాగిందాకా ఒక్కరూ కదలగూడదు. బస్సులు ఉండాయి గదా మీకు. ఎక్కండి."