బ్రహ్మయ్య అస్థికల కుండ

శ్మశానంలో వేపకొమ్మకు కట్టిన అస్థికల కుండ మాయమైంది.

ఎస్సై వాణి సర్వీసులో ఇలాంటి కంప్లయింట్ ఇదే మొదటిది. చచ్చినవాడి ఎముకలెత్తుకెళ్ళే దొంగెవడు, వాడి మొహం మండ!

తాడు కొమ్మకే వేలాడుతోంది. ఎవరూ తెంపలేదు. ముడి ఓపిగ్గా విప్పారు. కొసన ఎర్రటి మరక. వాణి తాడును ఎవిడెన్స్ కవర్లో వేసింది.

"ఎవరి మీద అనుమానమమ్మా?"

"డాక్టర్ ఫణీంద్ర మీద." కంప్లయింట్ ఇచ్చిన కోటేశ్వరమ్మ తడుముకోలేదు. "మా ఆయన్ని పొట్టన పెట్టుకుంది వాడే. వాడికి సంకెళ్ళు పడేదాకా నా కడుపుమంట చల్లారదు."

ఆమెది పెడనలో కలంకారీ అద్దకం పని. భర్త బ్రహ్మయ్యకు పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకింది. బందరులో సొంత ఆస్పత్రి ఉన్న ఫణీంద్ర పొట్ట చర్మం కింద గుండ్రటి పంపు అమర్చాడు. కీమో మందు నేరుగా లివర్ రక్తనాళంలోకే వెళ్తుందన్నాడు. అయిపోయినప్పుడల్లా సూదితో నింపుతున్నానన్నాడు. మనిషి మాత్రం దక్కలేదు.

సాయంత్రం కోటేశ్వరమ్మ అద్దకాల షెడ్డులోనే అందరినీ కూర్చోబెట్టింది వాణి. డాక్టరూ వచ్చాడు. తలకొరివి పెట్టిన మరిది శ్యాంబాబూ వచ్చాడు.

"కుండ మీరు తీయించారా డాక్టర్ గారూ?"

ఫణీంద్ర నవ్వాడు. "నాకెందుకండీ బూడిద?"

"పంపు కోసం."

"ఇంకెక్కడి పంపు? దాన్ని నడిపేదే లోపలి గ్యాస్. చితిలో ఎప్పుడో పేలిపోయుంటుంది."

"పేలుతుందని తెలిసీ దహనానికి ముందు తీయించలేదే?"

"హడావిడిలో మర్చిపోయాను."

వాణి ఇటు తిరిగింది. "శ్యాంబాబు గారూ, చితి దగ్గర ఎంతసేపున్నారు?"

"కపాలం పేలేదాకా కదలకూడదు కదండీ. చెవులు రిక్కించుకునే ఉన్నాం."

"ఏం వినిపించింది?"

"తల వైపు టప్పుమని ఒక్క చప్పుడు. అంతేనండి."

"పొట్ట వైపు?"

"అబ్బే! కట్టె కూడా కదల్లేదు."

ఫణీంద్ర నవ్వు ఆగిపోయింది.

"గ్యాస్ ఉంటే పేలాలి. పేలలేదు," అంది వాణి. "మీరు పెట్టింది ఉత్త డబ్బా."

"రుజువేదీ? కుండే లేదుగా!"

"ఉంది. కోటేశ్వరమ్మ గారూ, మీ చేతులు చూపించండి."

గోళ్ళ సందుల్లో అద్దకం ఎరుపు. తాడు మీదా అదే ఎరుపు.

"దొంగైతే తాడు తెంపేవాడు. ఆయన కిందపడతాడని మీరు ముడి విప్పారు."

కోటేశ్వరమ్మ గుడ్డల మూటల వెనక నుంచి కుండ తెచ్చింది.

"ఎముకలేరేటప్పుడు ఆ డబ్బా దొరికిందమ్మా. ఊపితే ఉత్త డబ్బాలా గలగలమంది. ఎవరికి చెప్పినా డాక్టర్ల జోలికి వెళ్ళకన్నారు. అస్థికలు పోయాయనగానే జీపొచ్చింది."

"తప్పుడు కంప్లయింట్ ఇచ్చారు. ఆ సంగతి తర్వాత మాట్లాడదాం," అంటూ వాణి ఫోన్‌లో వీడియో ఆన్ చేసింది.

కోటేశ్వరమ్మ కుండను ఫణీంద్ర ముందు పెట్టింది.

"నీ చేత్తో పెట్టావుగా. నీ చేత్తోనే తియ్యరా!"

ఫణీంద్ర దిక్కులు చూశాడు.

"తీయండి డాక్టర్ గారూ," అంది వాణి.

మణికట్టు దాకా చెయ్యి బూడిదలో దిగింది. మసిబారిన గుండ్రటి డబ్బా బయటికొచ్చింది. ఎక్కడా పగల్లేదు. అతని చెయ్యి వణికిన కొద్దీ అది గలగలమంది.

సంకెళ్ళు పడ్డాకే కోటేశ్వరమ్మ కుండకు మళ్ళీ గుడ్డ కట్టింది.

"హంసలదీవిలో కలిపేస్తానమ్మా. నీళ్ళలో వదిలే ముందు ఆయనకో మాట చెప్పాలి."

"ఏమని?"

"నీ ఎముకలు ముట్టుకుని వాడు వణికాడయ్యా అని."