మూడో అంతస్తు మూలగది

అమెరికాలోని డులూత్ ఊళ్లో సరస్సుకి ఎదురుగా లేస్తున్న అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు మూలగదికి పేరు చెడిపోయింది. పొద్దు వాలగానే గోడలోంచి ఆడగొంతు మూలుగుతుందట. ముందు ప్లంబర్లు మానేశారు, తర్వాత పెయింటర్లు. దెయ్యాలు లేవంటూనే, చీకటి పడకముందే సామాను సర్దుకునేవారు.

మారిత్ హాల్వర్సన్ విని నవ్వింది. నిర్మాణ నిర్వహణ చదువులో ఆఖరి ఏడు, ఇక్కడ శిక్షణ. ఏ పని ఎప్పుడవ్వాలో కంప్యూటర్లో రంగురంగుల గళ్లు గీయడంలో ఆమె దిట్ట. పని పూర్తయితే గడికి పచ్చరంగు పడుతుంది. ఆ గళ్లలో దెయ్యానికి చోటు లేదు.

సైటు పెద్ద డ్వేన్ మాత్రం నవ్వలేదు.

"శుక్రవారం ఓనర్లు వస్తున్నారు. ఆ గదికింకా రంగు పడలేదు. చదువవగానే ఉద్యోగం కావాలన్నావుగా అమ్మాయ్? ముందు ఆ దెయ్యాన్ని మేనేజ్ చెయ్."

చలికాలం. సాయంత్రానికే చిమ్మచీకటి. తోడు రమ్మంటే, జిప్సం బోర్డులు బిగించి గోడలు మూసే ఎవరిస్టో అనే మేస్త్రీ, "పిల్లలు గలవాణ్ణి, మేనేజరమ్మా," అన్నాడు. అయినా వచ్చాడు... బాగా వెనకగా.

కిటికీలకి కట్టిన ప్లాస్టిక్ పట్టాలు ఊపిరి పీలుస్తున్నట్టు ఉబ్బుతున్నాయి — తగ్గుతున్నాయి. వరండాలో తాత్కాలిక దీపాలు వెలిగాయి. వాటంతటవే, రోజూలాగే.

అప్పుడు... గోడలోంచి.

సన్నటి ఆడగొంతు. ఏడుపో, జోలపాటో.

"విన్నారా?" ఎవరిస్టో గొంతు తగ్గించాడు.

"పైపుల్లో గాలి."

"గాలికి స్పానిష్ వచ్చా?"

మారిత్ గోడకి చెవి ఆనించింది. గొంతు ఆగలేదు. వెంట తెచ్చిన చేతిరంపం బోర్డులోకి దించింది. కోసిన ముక్క ఊడదీసి టార్చి వేసింది.

లోపల... దుమ్ము పట్టిన పసుపు రేడియో. దీపాల వైరుకే తగిలించి ఉంది. దీపాలతో పాటే మేలుకుంటోంది. ప్లగ్గు పీకితే పాట చరణం మధ్యలో తెగింది.

"నాదే," అన్నాడు ఎవరిస్టో నెమ్మదిగా. "పాపం, ప్లంబర్లని దొంగలన్నాను."

"లోపల వదిలేసి గోడెలా మూశారు?"

"మూసేదాకా భోజనానికి కదలొద్దన్నదెవరు, మేనేజరమ్మా? మీ గడిలో పచ్చరంగు పడాలన్నారు. మూశాం. పడింది."

ఆ సైటులో ఆమె ఇచ్చిన మొట్టమొదటి ఆర్డరు అది.

రేడియో ఎవరిస్టో ఇంటికి పోయింది. గోడకి మాటు పడింది. "పైపుల్లో గాలి," అని డ్వేన్‌కి చెప్పింది. "చదువవగానే చేరిపో," అన్నాడాయన. పెయింటర్లు తిరిగొచ్చారు.

గురువారం సాయంత్రం రంగు ఆరిందో లేదో చూడ్డానికి మారిత్ ఒక్కతే పైకెళ్లింది. వరండాలో దీపాలు వెలిగాయి.

గోడలోంచి... అదే గొంతు. మొన్న తెగిన చోటి నుంచే చరణం అందుకుంది.

గోడ మళ్లీ తెరిస్తే ఒక రోజు పోతుంది. షెడ్యూల్లో ఆ రోజు లేదు.

ఫోను తీసి, ఆ గది గడిలో పచ్చరంగు నింపింది. మెట్లు మాత్రం రెండేసి చొప్పున దిగింది.