నూగు వాలిన వైపు

"సాయంత్రం ఐదింటికల్లా ఆ గుడ్డ తెచ్చివ్వకపోతే మా నాన్నని పోలీసులకి పట్టిస్తారటండీ!"

వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే ఈ మాట అనేసింది. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

పిన్నిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆవిడ నిజానికి ఎవరికీ పిన్ని కాదు. ముప్ఫై ఏళ్ళు కోర్టులో టైపు మిషను ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ అబద్ధాలన్నీ పొల్లుపోకుండా కొట్టి, రిటైరయ్యాక నిజాలు వెతికిపెట్టే పని మొదలుపెట్టారు. ఆవిడ పక్కన కెమెరా తుడుచుకుంటున్న భారీ మనిషి ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళ స్టూడియో మూతపడ్డాక ఆవిడ దగ్గర చేరాడు. పిన్నిగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మే రకం.

"ముందు మంచినీళ్ళు తాగమ్మా. తర్వాత మొదటినుంచీ చెప్పు," అన్నారు పిన్నిగారు.

ఆవిడ బడిలో టీచరు. తండ్రి మఖమల్ నేస్తాడు, డెబ్బై నాలుగేళ్ళు. అందరూ మగ్గం తాత అంటారు. పెద్దబజారులో మఖమల్ దుకాణం వెనక గదిలో మిగిలిన ఒకే ఒక్క చేతిమగ్గం ఆయనది. దుకాణం ముందు హాల్లో, గాజు పటంలో, రెండు వందల ఏళ్ళనాటి ఎర్ర మఖమల్ ముక్క ఒకటి ఉండేది. "మా ముత్తాత చేతి నేత" అని యజమానులు తరతరాలుగా చెప్పుకుంటారు, దుకాణం బోర్డు మీద కూడా అదే రాయించారు. ఇవాళ ఐదింటికి మ్యూజియం నుంచి ఒక అధికారిణి దాన్ని పరీక్షించడానికి వస్తోంది. అసలుదని తేలితే ఆ మగ్గాన్ని మ్యూజియమే నిలబెట్టి, నలుగురికి పని నేర్పిస్తుంది. నిన్న ఆదివారం సెలవు. ఈ ఉదయం ఎనిమిదింటికి తాత తలుపు తీసేసరికి పటం ఖాళీ.

"తాళాలు ఎవరెవరి దగ్గరుంటాయి?"

"యజమానులు, అన్నదమ్ములిద్దరి దగ్గరా, మా నాన్న దగ్గరా. తలుపు పగలగొట్టలేదు కాబట్టి నాన్నే తీశాడంటున్నారు. గుడ్డ ఇచ్చేసి, మగ్గం వదిలి వెళ్ళిపోతే కేసు పెట్టరట. మగ్గం వదలమంటే మా నాన్నని ప్రాణం వదలమన్నట్టేనండీ."

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ వేళ్ళు చేతిసంచీ పట్టీని నలుపుతున్నాయి. మఖమల్ అంచు ముక్కతో కుట్టిన పట్టీ అది. పొడుగునా రెండు ఆకుపచ్చ గీతలు, పక్కన ఒక పసుపు గీత.

"నాన్నగారు నేసిందేనా?"

"అవునండీ. మా ఇంట్లో అంచు ఎప్పుడూ ఇలాగే వేస్తారు. తాతలనాటి అలవాటు."

పిన్నిగారు గొడుగు అందుకున్నారు. "పదవోయ్ ఫోటోగ్రాఫరూ."

దుకాణం హాలు పొడుగ్గా, చల్లగా ఉంది. మఖమల్‌ని మడతపెడితే నలిగిన గీత జన్మలో పోదు కాబట్టి, బట్టంతా కొక్కేలకి వేలాడుతోంది. ఎదురుగోడకి ఖాళీ పటం. ఎండ తగలకుండా దానికి అటూ ఇటూ ముదురు వంగపండు రంగు మఖమల్ కర్టెన్లు, లోపల తెల్లటి అస్తరు వేసి కుట్టినవి. అతిథి కోసం కొత్తగా తగిలించినట్టున్నారు. పటం వెనక మేకుల్ని ఒక్కొక్కటిగా పీకి, పళ్ళెంలో వరసగా పెట్టారు. చట్రానికి దారప్పోగు కూడా అంటుకోలేదు.

"దొంగకి తొందర లేదు. పైగా గుడ్డంటే ప్రేమ కూడా ఉంది," అని గొణుక్కున్నారు పిన్నిగారు.

ఫోటోగ్రాఫరు పటాన్నీ కర్టెన్లనీ కలిపి నాలుగు ఫోటోలు తీశాడు. కెమెరా తెర మీద చూసుకుని మొహం చిట్లించాడు. కుడి కర్టెన్ ఎడమదానికంటే నల్లగా పడింది. అటుపక్కకి వెళ్ళి తీసినా అంతే. "లెన్సు ముసలిదైపోయింది, నాలాగే," అనుకుని చూపించడం మానేశాడు.

తోచక ఎడమ కర్టెన్‌ని కింది నుంచి పైకి నిమిరాడో లేదో, వెనక నుంచి కేక వినబడింది.

"పిల్లిని తోకనుంచి నిమురుతారేంటండీ! మఖమల్ మీది నూగు చెడిపోదూ?"

అన్నవాడు కర్టెన్ల మాస్టరు. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క.

"నూగుకి కూడా దిక్కుంటుందా మాస్టారూ?" అన్నారు పిన్నిగారు.

"ఉండకపోతే ఇంకేముందండీ! కర్టెన్‌కి నూగు కిందికి వాలాలి, దుమ్ము జారిపోతుంది. కోటుకైతే పైకి పెడతారు, రంగు చిక్కగా కనబడాలని. నాకు కోట్లు రావు లెండి. కర్టెన్లు, సోఫాలు, అంతే."

"ఈ రెండూ మీరే కుట్టారా?"

మాస్టరు నేలచూపులు చూశాడు. "ఆ... నేనేనండీ."

పెద్ద యజమాని గదిలో, బల్ల వెనక గోడకి ఆయన కుర్రతనం ఫోటో ఒకటి ఉంది. పొడుగు కత్తెర పట్టుకుని, కోటు గుడ్డ మీదికి వంగి ఉన్నాడు.

"ఈ గద్దె ఊరికే రాలేదండీ. మా నాన్న నన్ను ఇరవయ్యేళ్ళు కోట్లు కత్తిరించే బల్ల దగ్గరే నిలబెట్టాడు," అన్నాడాయన గర్వంగా. అంతలోనే గొంతు తగ్గించాడు. "తాతని జైలుకి పంపడం నాకు మాత్రం ఇష్టమా? గుడ్డ ఇచ్చేసి పొమ్మనండి. పరువు దక్కుతుంది."

"ఎవరి పరువు?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

తమ్ముడు మాత్రం దాచుకోలేదు. "నాకు ఆ మగ్గమంటే మంట. జానెడు గుడ్డకి రోజంతా టకటకా! ఆ గది ఖాళీ అయితే మిషను మఖమల్ నింపుతా. అంతమాత్రాన దొంగనైపోతానా? ఆదివారం ఇంట్లో పడుకున్నా. సాక్ష్యం కావాలంటే నా దిండునడగండి. సూదిలో దారం ఎక్కించడం కూడా రానివాణ్ణి, గుడ్డముక్కతో నాకేం పని?"

వెనక గదిలో మగ్గం తాత పని ఆపలేదు. పడుగు కింద సన్నటి ఇత్తడి తీగ దూర్చి, దానిమీదుగా లేచిన దారాల్ని చిన్న కత్తితో కోస్తున్నాడు. కోసినచోటల్లా నూగు విచ్చుకుంటోంది.

"చెయ్యి ఒక్క వెంట్రుకవాసి తప్పితే రోజు పనంతా బూడిదేనమ్మా," అన్నాడు తలెత్తకుండా. "ఒకప్పుడు దీన్ని ప్రభువులు తప్ప ఇంకెవరూ తొడుక్కోకూడదని శాసనాలుండేవట. ఓడలెక్కి సముద్రాలు దాటేది. కొన్నవాడి పేరు మిగిలింది, అమ్మినవాడి పేరు మిగిలింది. నేసినవాడి పేరు ఎవడు రాశాడు?"

"ఆ పాత ముక్కని పటంలోంచి తీసి చూశారా ఎప్పుడైనా?"

"గాజు పైనుంచే. అంచులు చట్రం లోపల ఉండిపోయాయి. నాకు తెలిసి ఎవరూ విప్పలేదు. ఇవాళొచ్చే ఆవిడ విప్పి చూస్తానని ఉత్తరం రాసిందట." కత్తి ఆగింది. "నేను తియ్యలేదమ్మా."

"తెలుసు," అన్నారు పిన్నిగారు. ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. ఆవిడ ఆ మాట అన్నారంటే ఇక తిరుగులేదు. కానీ అప్పటికే మూడున్నర. గుడ్డ ఎక్కడుందో అతనికి అంతుచిక్కలేదు. ఉదయం నుంచీ దుకాణంవాళ్ళు పనివాళ్ళ సంచులూ, కొక్కేలూ, అటకా అన్నీ వెతికేశారు.

"ఇందాకటి ఫోటోలు చూపించు," అన్నారావిడ. అతను సిగ్గుపడుతూ కెమెరా ఇచ్చాడు. "లెన్సు బాగాలేదు పిన్నిగారూ, కుడిపక్క నల్లగా..."

ఆవిడ తెర వైపు అరనిమిషం చూసి, అతని భుజం తట్టారు. "నీ లెన్సు బంగారం!"

ఐదింటికి పావుగంట తక్కువుందనగా అందరూ హాల్లో చేరారు. మ్యూజియం అధికారిణి కాస్త ముందే వచ్చి, ఖాళీ పటం ముందు నిశ్చేష్టురాలై నిలబడింది. టీచరమ్మ తండ్రి చెయ్యి వదలడంలేదు. తమ్ముడు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు.

"గుడ్డ ఈ హాలు దాటి పోలేదు," అంటూ మొదలుపెట్టారు పిన్నిగారు. "మాస్టారూ, ఈ రెండు కర్టెన్లూ ఒకే తానులోవేనా?"

"ఒకే తానేనండీ."

"మరి కుడిది ఎందుకు నల్లగా ఉంది?"

మాస్టరు దగ్గరికెళ్ళి కుడి కర్టెన్ మీద పైనుంచి కిందికి చెయ్యి వేశాడు. చెయ్యి జారలేదు, గరుగ్గా తగిలింది. మొహం పాలిపోయింది. "నూగు పైకుంది! ఇది... ఇది నా పని కాదండీ! శనివారానికి ఎడమది ఒక్కటే అయింది. పొద్దున వచ్చేసరికి రెండోది తగిలించి ఉంది. 'నేనే పూర్తిచేశాను, అడిగితే నువ్వే కుట్టానని చెప్పు, సగం పనంటే అతిథి ముందు నామర్దా' అన్నారు."

"ఎవరన్నారు?"

మాస్టరు చూపు పక్కకి పోయింది. అందరూ పెద్ద యజమాని వైపు తిరిగారు.

"తాత కర్టెన్ కుట్టడు. తమ్ముడికి సూదే పట్టడం రాదు," అన్నారు పిన్నిగారు. "మాస్టారైతే నిద్రలో కుట్టినా నూగు కిందికే పెడతాడు. రంగు చిక్కగా కనబడాలని చెయ్యి దానంతటదే నూగుని పైకి తిప్పేది ఒక్కరికే, ఇరవయ్యేళ్ళు కోట్లు కత్తిరించినవాళ్ళకి. మాస్టారూ, అస్తరు విప్పండి."

మాస్టరు బ్లేడు అందుకున్నాడు. కుట్టు ఒక్కొక్కటే తెగింది. అస్తరుకీ మఖమల్‌కీ మధ్య నుంచి ఎర్రటి ముక్క జారి, పిన్నిగారి రెండు చేతుల్లో పడింది. ఇన్నేళ్ళూ చట్రంలో దాగి ఉన్న దాని అంచు ఇప్పుడు బయటపడింది. రెండు ఆకుపచ్చ గీతలు, పక్కన ఒక పసుపు గీత.

టీచరమ్మ తన సంచీ పట్టీ చూసుకుంది. మళ్ళీ గుడ్డ చూసింది. "నాన్నా!" అని మాత్రం అనగలిగింది.

"ఒక్కో నేతింటికి ఒక్కో అంచు," అంది మ్యూజియం అధికారిణి మెల్లగా. "అది చూడాలనే విప్పుతానని రాశాను."

"అందుకే ఆవిడకంటే ముందు మీరు విప్పారు. అవునా?" అన్నారు పిన్నిగారు.

పెద్ద యజమాని కూర్చుండిపోయాడు. "తుడిచి శుభ్రంగా పెడదామనే విప్పానండీ. అంచు చూడగానే తెలిసిపోయింది. రోజూ వెనకగదిలో చూసే అంచే అది! మా వాళ్ళు నెయ్యలేదు. అమ్ముకున్నారు, అంతే. బోర్డు మీద ఉన్నది అబద్ధమని ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆవిడ ఇవాళ వచ్చి వెళ్ళిపోతే చాలనుకున్నా. తాత ఇక్కడే ఉంటే ఎప్పటికైనా అంచు పోల్చుకుంటాడని..."

"అందుకని ముసలాయన నెత్తిన దొంగతనం రుద్దారా!" ఫోటోగ్రాఫరు ఉండబట్టలేక అరిచాడు. అతని కళ్ళు చెమర్చాయి.

మగ్గం తాత లేచి యజమాని ముందుకొచ్చాడు. అందరూ తిడతాడనుకున్నారు.

"కాల్చేస్తే బూడిద కూడా మిగిలేది కాదు. ఎందుకు దాచావు బాబూ?"

"చెయ్యి రాలేదు తాతా."

తాత తలూపాడు. "ఆ ఒక్కదానికి పోలీసుల్ని పిలవను. బోర్డు మాత్రం రేపటికల్లా దింపించు." గుడ్డ మీద పైనుంచి కిందికి ఒక్కసారి నిమిరాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఆయన ఏడుస్తున్నాడు, దాచుకోలేదు కూడా.

మ్యూజియం అధికారిణి కలం తీసింది. "పటం కింద ఎవరి పేరు రాయమంటారు?"

"పేరు నాకూ తెలీదమ్మా. మా తాతకి తాత అయ్యుంటాడు." ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "పేరు వద్దు. ఈసారి పటం కట్టేటప్పుడు అంచు బయటికి కనబడేట్టు కట్టించండి."

గడియారం ఐదు కొట్టింది. తాత కూతురి చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాడు. ఇవాళ్టి జానెడులో ఇంకా రెండు వేళ్ళ నేత మిగిలే ఉంది.