క్లచ్ చెప్పిన బరువు

కమలాకర్ స్కూటర్ ఎక్కి ఎవరూ ఎక్కడికీ పోలేరు. దానికి సీటు లేదు, ముందు చక్రం లేదు, వెనుక టైరు ఉండాల్సిన చోట ఇనుప డ్రమ్ము ఉంది. కట్టంగూర్‌లో హైవే పక్కన మెకానిక్ షెడ్డు నడిపే కమలాకర్, తుక్కు కింద పోవాల్సిన పాత గేర్ల స్కూటర్‌ను కోసి, వెల్డింగ్ పెట్టి, బావుల్లో పూడిక తీసే క్రేన్‌గా మార్చుకున్నాడు. డ్రమ్ముకు చుట్టిన ఇనుప తాడు గిరక మీదుగా బావిలోకి దిగుతుంది. తాడు చివర ఇనుప తొట్టి. ఫస్ట్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదిలితే తొట్టి పైకి లేస్తుంది. ఎండాకాలం మూడు నెలలూ అదే అతని బతుకుదెరువు.

క్లచ్ విషయంలో అతనికి కొంచెం పొగరు ఉండేది. వైరు మరీ బిగిస్తే లోపలి ప్లేట్లు జారిపోతాయి, ఇంజను అరుస్తుందే గాని తొట్టి లేవదు. మరీ వదులు పెడితే పట్టు విడవదు, తొట్టి ఎగిరెగిరి పడుతుంది. ఆ రెంటికీ నడుమ రూపాయి బిళ్ళ మందం సందు ఉంటుంది. ఆ సందు పట్టుకుంటే ఎంత బరువు లేస్తోందో ఎడమ అరచేతికే తెలిసిపోతుంది. ఒండ్రు నిండిన తొట్టి అరవై కిలోలు. భిక్షం యాభై రెండు, అంటే యూరియా బస్తా కంటే ఏడు కిలోలు ఎక్కువ. మనిషి ఉన్న తొట్టి గట్టు మీదికి రాగానే సగం క్లచ్ మీద ఆపుతాడు. మనిషి దిగితే బరువు తగ్గి తొట్టి పైకి ఎగరబోతుంది. ఎంత బరువు దిగితే అంత మేర క్లచ్ లివరు నొక్కాలి. భిక్షం దిగితే ఎంత నొక్కాలో ఆ చేతికి నిద్రలో అడిగినా తెలుసు.

భిక్షం అతని బామ్మర్ది. బావిలోకి దిగేది అతనే. పని మొదలుపెట్టిన నాడే కమలాకర్ భార్య యాదలక్ష్మి ఒక మాట తీసుకుంది.

"నా తమ్ముడు లోపల ఉన్నంతసేపు క్లచ్ నువ్వే పట్టాలె. ఇంకొకని చేతికియ్యద్దు. పొద్దుగాల తీస్కపోయినోణ్ణి పొద్దూకంగ నువ్వే తోల్కరావాలె."

ఆ మే నెలలో కేతేపల్లి అవతల ఉండే కృష్ణయ్య అనే రైతు కబురు పెట్టాడు. ముసలాయన. తన మెట్ట చెలకలో ఇరవై ఏళ్లుగా వాడని రాతి బావి ఉందట, పూడిక తీయాలట. కమలాకర్‌కు మొదటి అనుమానం అక్కడే తగిలింది. దగ్గరలో క్రేన్లు లేకనా, ఇంత దూరం కబురు?

"ముగ్గురు వచ్చి పోయిండ్రు. వాళ్ల క్లచ్‌లు ఆగలే," అన్నాడు కృష్ణయ్య.

"అన్ని బాయిలల్ల ఆగే క్లచ్ ఈ బాయిలనే ఎందుకు ఆగలే పెద్దయ్యా?"

"నాకేం తెలుసు. మేస్త్రివి నువ్వు."

"ఎవరన్న పడి సచ్చిండ్రా ఇందుల?"

"లేదు." ప్రశ్న పూర్తి కాకముందే వచ్చింది ఆ జవాబు.

నలభై అడుగుల బావి. పైన ఎండ పెనం మీద ఉన్నట్టు కాలుతోంది గాని, పదిహేను అడుగుల కింద నుంచి చీకటే. ఆ చీకట్లోంచి చల్లటి వాసన వచ్చేది, తడి గుడ్డలు మూటకట్టి ఏళ్ల తరబడి మూలన పడేస్తే వచ్చే వాసన. భిక్షం తలకు లైటు కట్టుకుని దిగాడు. పార శబ్దం చాలా ఆలస్యంగా పైకి వచ్చేది. పొద్దున ముప్పై తొట్లు ఒండ్రు తీశారు. క్లచ్ వెన్నలా పనిచేసింది.

మధ్యాహ్నం అన్నానికని భిక్షం తొట్టిలో ఎక్కి తాడు రెండుసార్లు గుంజాడు. కమలాకర్ క్లచ్ వదిలాడు.

తొట్టి లేవలేదు.

ఇంజను అరిచింది. ప్లేట్లు జారుతున్నాయి. కాలిన వాసన గుప్పున ముక్కుకు తగిలింది. అరచేయి చెప్పింది... ఇది భిక్షం ఒక్కడి బరువు కాదు. ఇంకో ముప్పై కిలోలు ఉంది.

రేసు పెంచి, జానెడు జానెడు చొప్పున లాగాడు. తొట్టి వెలుతురు మొదలయ్యే చోటికి వచ్చింది. అక్కడ ఒక్కసారిగా బరువు తేలిపోయింది. కింద ఒండ్రులో థప్‌మని చప్పుడైంది. భిక్షం పైకి వచ్చాడు. యాభై రెండు కిలోలు. అంతే.

"ఏం పడేసినవ్ రా కిందికి?" అన్నాడు కమలాకర్.

"నేనేం పడేయలే బావా."

"మరి ఆ చప్పుడేంది?"

భిక్షం తేలు కుట్టిన దొంగలా మూతి ముడుచుకుని అన్నం గిన్నె ముందర కూర్చున్నాడు. రెండు ముద్దలు తిని వదిలేశాడు. కమలాకర్ కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. పాత బావి. ఇరవై ఏళ్ల పూడిక. లంకెబిందెల కథలు ఎవరికి తెలియవు? వీడికేదో దొరికింది. తొట్టి అడుగున కట్టుకుని తెచ్చాడు, బరువు తేడా బావ చేతికి తెలిసిపోయిందని మధ్యలో జారవిడిచాడు. సొంత బావ దగ్గరే దాపరికమా?

"బావా, మనం పోదాం," అన్నాడు భిక్షం మెల్లగా. "పైకొస్తుంటే ఎవరో నా కాళ్లు సుట్టుకున్నట్టున్నది. ఎలుగు కాడికి రాంగనే ఇడిసిండ్రు."

"నన్ను పంపి నువ్వు మళ్ళొస్తవా? మంచిగనే ఉంది," అన్నాడు కమలాకర్.

తర్వాత జీవితమంతా ఆ మాట తలుచుకుని అతను ఏడ్చాడు. కానీ ఆ మధ్యాహ్నం మాత్రం అతని మనసంతా ఒక్కటే పట్టుదల. అదేదో పైకి తీయాలి. మధ్యలో జారవిడిచే వీలు లేకుండా ఒక్క ఊపున తీయాలి. క్లచ్ జారుతోందంటే మెకానిక్ చేసేది ఒక్కటే కదా, క్లచ్ బాగుచేయడం. ఇది జారడమే మంచిదేమో అని ఏ మెకానిక్‌కు తోస్తుంది?

సైడు మూత విప్పాడు. కాలిన ప్లేట్లు తీసి కొత్తవి వేశాడు. స్ప్రింగులు మార్చి గట్టివి పెట్టాడు. వైరు బిగించి, వదిలి, మళ్ళీ బిగించి, రూపాయి బిళ్ళ మందం సందు చూసుకున్నాడు. రెండు యూరియా సంచులు ఒండ్రుతో నింపి తొట్టిలో వేసి ఎత్తాడు. జారలేదు, వణకలేదు.

వెనుక ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. కృష్ణయ్య ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలియదు.

"ఇప్పుడు ఇద్దరిని ఎత్తుతదా?" అన్నాడు.

కమలాకర్ చేతిలో స్పానరు ఆగింది. "ఇద్దరెవరు?"

"బరువుకు అన్న."

వీళ్ళిద్దరూ కలిసిపోయారు, అనుకున్నాడు కమలాకర్. బామ్మర్దికీ ముసలాయనకూ పొద్దున్నే ఒప్పందం అయింది, పిచ్చోణ్ణి నేనే. అనుమానం కమ్ముకుంటే కళ్ళెదుటి భయం కూడా నటనలాగే కనిపిస్తుంది. భిక్షం బావికి దూరంగా జరిగి కూర్చోవడం అతను చూశాడు. చూసి కూడా నమ్మలేదు.

"దిగు," అన్నాడు.

భిక్షం బావిలోకి చూశాడు. తర్వాత బావ ముఖంలోకి చూశాడు. "సరే. క్లచ్ నీ చేతుల ఉంటే నాకేం ఫికరు," అని తొట్టిలో కాలు పెట్టాడు.

సాయంత్రం పది తొట్లు వచ్చాయి. పొద్దు కుంకింది. చెలకలో పిట్టల చప్పుడు ఆగిపోయింది. బావిలోని చీకటి గట్టు దాకా పొంగినట్టు అనిపించింది. పార శబ్దం కూడా ఆగింది.

"భిక్షం," పిలిచాడు కమలాకర్.

కాసేపటికి తాడు కదిలింది. రెండుసార్లు.

క్లచ్ వదిలాడు. అదే బరువు... యాభై రెండూ, ముప్పై. ఈసారి ప్లేట్లు జారలేదు. తొట్టి నిదానంగా, ఆగకుండా లేచింది. ముప్పై అడుగులు. ఇరవై. మధ్యాహ్నం బరువు తేలిపోయిన చోటు దాటింది. బరువు తగ్గలేదు. కింద చప్పుడేమీ కాలేదు.

తొట్టి గట్టు మీదికి వచ్చింది. అందులో భిక్షం ఒక్కడే ఉన్నాడు. అయితే నడుమ నిలబడలేదు. ఇంకొకరికి చోటు వదిలినట్టు ఒక పక్క అంచుకు ఒదిగి నిలబడ్డాడు. తలకు కట్టిన లైటు ఆరిపోయి ఉంది. ముఖం మసక మసకగా కనిపిస్తోంది.

అప్పుడు కృష్ణయ్య ముందుకు వచ్చాడు. ఏడుస్తున్నాడు.

"కోమలా," అని గుసగుసగా పిలిచాడు. "పదేండ్ల దానివి... ఇరవై యేండ్లాయె బిడ్డా ఈ బాయిల. రా, ఇంటికి పోదాం."

కమలాకర్‌కు అప్పుడు తెలిసింది. లంకెబిందెలు లేవు, దాపరికం లేదు. భిక్షం చెప్పిందే నిజం. లివరు మీద చెయ్యి అట్లాగే బిగుసుకుపోయింది. సగం క్లచ్ మీద తొట్టి ఆగి ఉంది.

మొదట భిక్షం దిగాడు. కమలాకర్ అలవాటుగా లివరు నొక్కబోయాడు. అంత నొక్కాల్సిన పని లేకపోయింది. తొట్టి కొంచెమే లేచింది... ముప్పై కిలోల మేర.

తర్వాత కృష్ణయ్య తొట్టిలోని ఖాళీ పక్కకు చెయ్యి చాచి, ఎవరినో పట్టుకుని దించాడు. తొట్టి ఎగిరింది. లివరు చాలా దూరం నొక్కాల్సి వచ్చింది. ఆ దూరం అరచేతికి బాగా తెలుసు. నిద్రలో అడిగినా తెలుసు.

యాభై రెండు కిలోలు.

ముసలాయన చెలక ఒడ్డు వెంట నడిచిపోతున్నాడు, పక్కన ఎవరితోనో మాట్లాడుతూ. పదేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి కిందికి ఉండాలి. అతని చెయ్యి భుజం దాకా లేచి ఉంది, తనకంటే పొడవైన మనిషిని పట్టుకున్నట్టు. తప్పు మనిషిని తీసుకుపోతున్నానని ఆయనకు తెలియలేదు.

"పెద్దయ్యా... ఆగు..." అంటూ కమలాకర్ ఇంజను ఆపి వచ్చేసరికి ఆలస్యమైంది. మలుపు దగ్గర కృష్ణయ్య కనుమరుగయ్యాడు.

భిక్షం గట్టు మీద నిలబడి అటే చూస్తున్నాడు. ఒండ్రు అంటిన కాళ్లు దగ్గరగా పెట్టుకుని, చేతులు రెండూ ముందుకు ముడుచుకుని.

"భిక్షం," అన్నాడు కమలాకర్.

ఆ పేరు తనది కానట్టు, తిరిగి చూడలేదు.

జేబులో ఫోను మోగింది. యాదలక్ష్మి. "పనైందా? చీకటైతాంది. తమ్మునికియ్యి ఒకసారి."

కమలాకర్ ఫోను చాచాడు. భిక్షం దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. వెలుగుతున్న అద్దాన్ని చూశాడు. తిప్పి వెనుక వైపు చూశాడు. అట్లాంటి వస్తువు పుట్టి బుద్ధెరిగి చూడనట్టు, వేలి కొసతో మెల్లగా తాకాడు.

"తమ్మీ... పలుకవేందిరా... తమ్మీ..." అంటోంది యాదలక్ష్మి.

ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థంకాక, భిక్షం మోకాళ్ల మీద కూర్చుని, బావిలోకి వంగి చూశాడు.